మోచేతుల సైకిలు

గెన్రిఖ్ ముసలాయన షెడ్డులో రెండు సైకిళ్లు గోడకు ఆనించి ఉన్నాయి. రెండూ జర్మనీలో ఉన్న ఆయన తమ్ముడి కొడుకు పంపినవే. రెండూ ఒకరు వాడి వదిలేసినవే. రెండింటికీ ఒకటే ధర. నెల్లాళ్లుగా బురుల్ పని దిగి ఇంటికి పోతూ ఆ షెడ్డు ముందు ఆగుతోంది. కాసేపు రెండింటినీ చూసి, "వస్తాను బాబాయ్" అని వెళ్లిపోతోంది.

ఆ మంగళవారం ముసలాయన ఊరుకోలేదు.

"పెళ్లికొడుకుని చూడ్డానికైనా ఇన్నిసార్లు రారమ్మా ఎవరూ. శుక్రవారం కరకోల్ పట్నం నుంచి ఒకతను వస్తున్నాడు. నువ్వొకటి తీసుకో, మిగిలింది అతను పట్టుకుపోతాడు. ఆ తర్వాత నన్ను తిట్టుకుని లాభం లేదు."

"ఏది మంచిది బాబాయ్?"

"దేనికి మంచిదని అడుగు."

గెన్రిఖ్ సోవియట్ కాలంలో జిల్లా సైకిలు జట్టుకి శిక్షణ ఇచ్చిన మనిషి. ఇప్పుడు ఊళ్లో వాళ్ల సైకిళ్లు, పసిపిల్లల బళ్లు, ఒక్కోసారి కారిపోయే టీ సమోవార్లు కూడా బాగుచేస్తాడు. చేతికి అంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుని, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్ ఉన్న సైకిలు మీద తట్టాడు.

"ఇది రోడ్డు పందేలది. బ్రేకులు వేళ్ల కిందే ఉంటాయి. మలుపులో చెప్పినమాట వింటుంది, ఎత్తులో లేచి నిలబడి తొక్కనిస్తుంది. పదిమంది మధ్య భుజాలు రాసుకుంటూ వెళ్లినా భయం లేదు. ఏడాది పొడుగునా పనికొస్తుంది."

"మరి అది?"

రెండోది నల్లగా, సన్నగా, మెడ చాచిన కొంగలా ఉంది. సీటు బాగా ముందుకు జరిగి ఉంది. హ్యాండిల్ నడిమి నుంచి రెండు కడ్డీలు ముందుకు పొడుచుకొచ్చాయి. వాటి మొదట్లో మోచేతులు ఆనించుకోవడానికి రెండు మెత్తలు.

"ఇది ట్రయథ్లాన్ వాళ్ల కోసమే చేసింది. మోచేతులు ఇక్కడ పెట్టి, తల దించి, ముడుచుకుని తొక్కాలి. గాలి నీ మీదుగా జారిపోతుంది. తొంభై కిలోమీటర్లలో పావుగంటైనా మిగులుతుంది నీకు. దిగాక పరుగెత్తడానికి తొడల్లో సత్తువ ఉంటుంది. కానీ బ్రేకు చేతికి దూరం. పక్కనుంచి గాలి కొడితే కుదురుగా ఉండదు. గుంపులోకి దీన్ని ఎవరూ రానివ్వరు. రానివ్వకపోవడమే న్యాయం. ముందువాడు ఆగితే నువ్వు బ్రేకు అందుకునేలోగా అందరూ రోడ్డు మీద దొర్లుతుంటారు."

"పందెంలో ఎలాగూ గుంపు ఉండదుగా."

"ఉండదు. ముందు మనిషికీ నీకూ పన్నెండు మీటర్లు ఎడం ఉండాలి. దగ్గరైతే శిక్ష వేస్తారు."

"ఆ నియమం నాకు నచ్చింది" అంది బురుల్ నవ్వుతూ. ముసలాయన నవ్వలేదు.

బురుల్‌కి నలభై ఏడేళ్లు. మా ఊరు బాలిక్చీ చివర, సరస్సు ఒడ్డున ఉన్న వాతావరణ కేంద్రంలో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. ఉదయం ఆరింటికి, తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి బయటికి వెళ్లి, గాలి ఎటునుంచి ఎంత జోరుగా వీస్తోందో, ఎండ ఎంతుందో, మబ్బు ఎంత కమ్మిందో చూసి, పుస్తకంలో రాసి, పై ఆఫీసుకి ఫోనులో చెప్పాలి. అవతల మనిషి "ఏడో కేంద్రం, చెప్పండి" అంటాడు. అంకెలు అయిపోగానే "రాసుకున్నాను" అని పెట్టేస్తాడు. ఆమె నోటి నుంచి రోజంతా ఆ అంకెలు తప్ప ఇంకోమాట రాని రోజులు చాలా ఉన్నాయి.

భర్త తోక్తొసున్ నాలుగేళ్ల కిందట, మంచు కాలంలో పోయాడు. పిల్లల్లేరు. ఆయన ఎక్కి తిరిగిన ఆడగుర్రం ఒకటి మిగిలింది. అది దొడ్లో ఒక్కతే గోడవైపు ముఖం పెట్టి నిలబడి మేత ముట్టకపోతే, ఆమె చూడలేక మరిదికి తోలించేసింది. మరిది మంచివాడు. మందలో చేరాక అది మళ్లీ తింటోందని కబురు చేశాడు, గుర్రానికి తగ్గ సొమ్మూ పంపాడు. ఆ సొమ్ముతోనే ఇప్పుడు సైకిలు.

మోకాళ్లు పట్టేస్తున్నాయంటే ఈదమని డాక్టరమ్మ చెప్పింది. సరస్సు గుమ్మంలోనే ఉంది కాబట్టి ఈదింది. ఈదుతుంటే జూలైలో జరిగే పందెంవాళ్లు కనబడ్డారు. ముందు ఈత, తర్వాత సైకిలు, ఆఖరున పరుగు. పోయినేడు తోక్తొసున్ పాత సైకిలు, ముందు బుట్ట ఉన్నది, వేసుకుని తనూ వెళ్లింది. ఈత బాగానే అయింది. సైకిలు మీద గడువుకి ఇరవైరెండు నిమిషాలు వెనకబడింది. పందెం జరిపేవాళ్ల నారింజరంగు చొక్కా తొడుక్కున్న ఒకమ్మాయి రోడ్డు మీద మోకాళ్లు వేసి, ఆమె చీలమండకి కట్టిన, టైము లెక్కగట్టే పట్టీ విప్పుతూ, "ఏమీ అనుకోకండి పెద్దమ్మా, చాలా దూరం వచ్చారు" అంది. బురుల్ ఇంటికొచ్చి, నిన్నటి సూపు వెచ్చబెట్టుకుని, ఒక్క గిన్నె కడిగి బోర్లించింది. ఎలా అయిందని అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు.

బహుమతి మీద ఆమెకి ఆశ లేదు. ఒక్కసారి, గడువు లోపల, మూడూ ముగించాలి. ఆయన పోయాక రోజులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, పోతున్నాయి, ఏదీ ఎక్కడా ముగిసినట్టు లేదు. ఒక గీత దాటి, ఇదైతే అయింది అని అనుకోవాలి. అంతే.

"కొమ్ములదాని మీద గడువు అంచుకి వస్తావు" అని తేల్చాడు గెన్రిఖ్. "వస్తే వస్తావు, లేకపోతే లేదు. ఈ నల్లదాని మీద తీరిగ్గా నీళ్లు తాగుతూ వస్తావు, గాలి లేకపోతే. గాలి సంగతి నాకంటే నీకే తెలుసు కదా తల్లీ."

ఇక్కడ అసీల్కాన్ గురించి చెప్పాలి. అసీల్కాన్ ఆసుపత్రిలో నర్సు, ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, గొంతు సరస్సు అవతలికి వినిపిస్తుంది. ఆదివారం ఉదయం రొట్టెల దుకాణం మలుపులో ఆరేడుగురు సైకిళ్లతో కలుస్తారు. ఆ గుంపుకి పెద్ద ఆవిడే. పక్క ఊరు తోరు-ఐగీర్ దాకా తొక్కి, అక్కడెవరి ఇంటి ముందో కూర్చుని టీ తాగి, నూనెలో వేయించిన పిండి బోర్సోకులు తిని వస్తారు.

కిందటి శరదృతువులో ఒకే ఒక్కసారి బురుల్ ఆ బుట్ట సైకిలుతోనే వాళ్లతో వెళ్లింది. ఊరు దాటగానే వెనకబడిపోయింది. ముందు వెళ్లినవాళ్లు అందరూ వెనక్కి తిరిగొచ్చారు. "అక్కా, ఆ బుట్టలో మాకు మాంసం ఏమన్నా తెస్తున్నావా, ఇంత బరువుగా వస్తున్నావు?" అని అసీల్కాన్ గోల చేసింది. ఆమెని మధ్యలో పెట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు ముందుకెళ్లి గాలి కాచారు. ముందున్న వీపు గాలినంతా ఆపేసింది. ఒక మనిషి వీపుకి అంత దగ్గరగా, చెమట వాసన తెలిసేంత దగ్గరగా, ఆమె మూడేళ్లలో లేదు. ఇంటికొచ్చాక బూట్లు విప్పకుండా గడప మీదే చాలాసేపు కూర్చుంది. అలసట అనుకుంది.

ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా, "ఆదివారం నాకు పనుంది" అంటూ వచ్చింది. కేంద్రంలో ఆదివారాలు ఇంకో ఉద్యోగివని ఊరందరికీ తెలుసు. ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. ప్రతి వారం పిలవడమూ మానలేదు. దేవుడు మనుషుల్లో పెట్టిన మంచితనం ఇలాగే ఉంటుంది, కనబడీ కనబడకుండా.

బుధవారం పన్నెండింటి అంకెలు చెప్పాక, బురుల్ బీరువాలోంచి పాత పుస్తకాలు దించింది. పందొమ్మిదేళ్లవీ. పందెం ఎప్పుడూ జూలై రెండో ఆదివారం. ఆ వారం రోజుల పేజీలన్నీ వెతికింది. తొమ్మిదింటికి: గాలి లేదు. పన్నెండింటికి: పిల్లగాలి. తొమ్మిదింటికి: గాలి లేదు. పన్నెండింటికి: గాలి లేదు. ఆదివారాలవి తప్పిస్తే అన్నీ తన చేతిరాతే. తన చేతిరాత కంటే నమ్మదగిన సాక్ష్యం ఆమెకి ఇంకోటి లేదు.

గురువారం సాయంత్రం నల్ల సైకిలు నడిపించుకుంటూ ఇంటికి తెచ్చింది. సీటు గట్టిగా ఉంటుందని గెన్రిఖ్ తన పాత ఉన్ని మేజోడు ఒకటి దానికి తొడిగి ఇచ్చాడు.

ఊళ్లో కొత్త వస్తువు వస్తే దాగదు. మర్నాడే అసీల్కాన్ వచ్చింది. మా దగ్గర కొత్త కోడలినైనా, కొత్త గుర్రాన్నైనా వట్టి చేతులతో చూడరు. బోర్సోకుల మూట, తెల్లటి గుడ్డపేలిక పట్టుకుని గేటు దగ్గర్నుంచే అరిచింది.

"అక్కా! చూపించవే! చూపుకానుక తెచ్చాను, ఇంక దాచుకోవడానికి వీల్లేదు. ఈ ఆదివారం కూడా పనుందన్నావంటే నేనే వచ్చి మీ కేంద్రంలో గాలి కొలిచే ఆ మరని కట్టేస్తాను!"

సైకిలు చూసింది. దాని ముందుకు పొడుచుకొచ్చిన కడ్డీలు చూసింది.

"ఇది... మోచేతుల సైకిలు కదా."

"అవును."

"దీంతో మాతో రావడానికి అవదు కదే, అక్కా."

"పందెం కోసం తీసుకున్నాను."

"బాగుంది" అంది అసీల్కాన్. "చాలా బాగుంది. కొంగలా ఉంది." శుభానికని పేలికని హ్యాండిల్‌కి ముడివేసింది. రెండు అరచేతులూ తెరిచి, "దేవుడు నీ దారి తెల్లగా ఉంచాలి, పడకుండా వెళ్లి పడకుండా రా" అని, దువా ముగిస్తూ అరచేతులతో ముఖం తుడుచుకుంది. బురుల్ కూడా "ఆమీన్" అని ముఖం తుడుచుకుంది. టీ పెడతానంటే, ఆసుపత్రిలో పనుందని వెళ్లిపోయింది. ఆవిడకి ఆ రోజు పని లేదని బురుల్‌కి తెలుసు.

మే, జూన్ నెలలు ఆమె ఒంటరిగా తొక్కింది. పని దిగాక దక్షిణపు ఒడ్డు రోడ్డు మీద, ఆదివారాలు తెల్లారగానే ఉత్తరపు రోడ్డు మీద. మోచేతుల మీద వంగితే ముందు చక్రం, దాని ముందు రెండు బారల రోడ్డు, అంతే కనిపిస్తాయి. సరస్సు పక్కనే ఉందని వాసనని బట్టి తెలుస్తుంది. సైకిలు మాత్రం పోతున్నట్టే ఉండదు, అంత చప్పుడు లేకుండా పోతుంది. దారిలో వెళ్లే మినీబస్సు డ్రైవరు ఒకడు ఆమె కనబడితే వేగం తగ్గించి, దుమ్ము రేగకుండా దాటి వెళ్లేవాడు. అతని పేరు ఆమెకి తెలియదు.

ఒక ఆదివారం ఎదురుగా గుంపు వచ్చింది. ఏడుగురూ ఒక్క చెట్టు నీడలా కలిసి వస్తున్నారు. "అక్కా!" అని అసీల్కాన్ చెయ్యెత్తింది. ఒకరొకరుగా అందరూ ఎత్తారు. ఆ సైకిలు మీద చెయ్యెత్తాలంటే ముందు మోచేతుల మీంచి లేవాలి, హ్యాండిల్ పట్టుకోవాలి, నిటారుగా అవ్వాలి, అప్పుడు ఒక చెయ్యి వదలాలి. అవన్నీ అయ్యేసరికి రోడ్డు ఖాళీగా ఉంది. ఎత్తిన చెయ్యి ఆమె మెల్లగా దించుకుంది.

పందెం రోజు వచ్చింది. ఏడింటికి ఈత మొదలైంది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఎనిమిది దాటిన ఐదు నిమిషాలకి బురుల్ సైకిలు ఎక్కింది. పన్నెండున్నర లోపల తొంభై కిలోమీటర్లు తొక్కి రావాలి. ఆ మొదటి గంట తొక్కినట్టు ఆమె జీవితంలో ఎప్పుడూ తొక్కలేదు. రోడ్డు పందేల సైకిళ్లవాళ్లని నలుగురైదుగురిని దాటింది. దాటుతూ వాళ్ల ఊపిరి వినడం, మళ్లీ ఏమీ వినబడకపోవడం. చేతి గడియారంలో తొమ్మిది. గాలి లేదు. పుస్తకంలో ఉన్నట్టే.

పది కావస్తుండగా కొండ సందులోంచి, మా వైపు ఉలాన్ అని పిలిచే గాలి వచ్చింది.

ముందు ఆమె చెవికి తెలిసింది, తర్వాత ముందు చక్రానికి. పక్కనుంచి ఎవరో భుజంతో తోసినట్టు సైకిలు రోడ్డు నడిమికి జరిగింది. సర్దుకునేలోగా గాలి ఆగింది. ఆగేసరికి ఇటు పడబోయింది. మళ్లీ కొట్టింది. మోచేతుల మీంచి లేచి హ్యాండిల్ పట్టుకుంది. నల్ల సైకిలు గాలిపటంలా కొట్టుకుంది. ఇంకో రెండు కిలోమీటర్లకి గులకరాళ్లలోకి పోయి పక్కకి పడింది.

రాళ్లలో కూర్చుని, అరచేతిలో గుచ్చుకున్న రాయి తీసుకుంటూ ఉండగా ఆమెకి అర్థమైంది. ఈ గాలి కొత్తది కాదు. వేసవిలో వారానికి రెండు మూడుసార్లు, తొమ్మిది దాటాక లేచి పన్నెండయ్యేలోగా పడిపోతుంది. కేంద్రం వెనక దండెం మీద బట్టలారేస్తూ, నోట్లో క్లిప్పులు పట్టుకుని, ఎగిరిపోతున్న దుప్పటిని రెండు చేతులా పట్టుకున్న రోజులు ఎన్నో. పందొమ్మిదేళ్లుగా ఆ గాలి ఆమె ఒంటికి తెలుసు. పుస్తకంలో తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య గడి లేదు. గడి లేదు కాబట్టి రాయలేదు. రాయలేదు కాబట్టి, సైకిలు ఎంచుకునే రోజున ఆ గాలే లేదనుకుంది.

ఇందాక దాటొచ్చిన రోడ్డు సైకిళ్లవాళ్లు ఒకరొకరే ఆమెని దాటి వెళ్లారు. కొమ్ముల కింది వంపు పట్టుకుని, వీపు వంచి, తూలుతూనే, కానీ వెళ్లారు. ఒకాయన "దెబ్బ తగిలిందా చెల్లెమ్మా?" అని కాలు కిందపెట్టి ఆగాడు. ఆమె వెళ్లమని చెయ్యూపాక గాని కదల్లేదు. ఆయనకీ గడువు ఉంది కదా.

ఒడ్డుకి ఆనుకుని ఉన్న ఆ ఆరేడు కిలోమీటర్లు ఆమె ఎక్కుతూ, దిగుతూ, నడిపించుకుంటూ దాటింది. పందెం వెనక్కి తిరిగే మలుపు దగ్గర, నీళ్లిచ్చే బల్ల వెనక అసీల్కాన్ ఉంది, నర్సు చొక్కాతో.

"చెయ్యి చూపించు. రక్తం కారుతోంది, చూపించవే! ఎంత మొండిదానివి అక్కా నువ్వు." గబగబా కట్టు కట్టింది. "గాలి తగ్గుతుంది. ఇంకో అరగంట. నీకు తెలీదా ఏమిటి?"

"తెలుసు" అంది బురుల్.

"ఇంకా టైముంది. తొక్కు. నేను దువా చేస్తూ ఉంటాను, నువ్వు తొక్కుతూ ఉండు. ఇద్దరం చెరో పని చేద్దాం."

తిరుగు దారిలో పదకొండుంబావు దాటాక గాలి నిజంగానే పడిపోయింది. అక్కణ్ణుంచి మిగిలిన దారంతా బురుల్ మోచేతుల మీద పడుకుని, కళ్లు మండుతున్నా ఆపకుండా తొక్కింది. దూరంగా జెండాలు కనబడ్డాయి. నారింజ చొక్కా మనిషి రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

తొమ్మిది నిమిషాలు ఆలస్యం.

ఈసారి ఆమే వంగి తన పట్టీ తనే విప్పి ఇచ్చింది. అతను రెండు చేతులతో తీసుకున్నాడు. తన సీసాలో నీళ్లు ఇచ్చాడు. పరుగు పందెంవాళ్లు సరస్సు ఒడ్డున వెళ్తున్నారు. ఆమె సైకిలు పట్టుకుని వాళ్లని చూస్తూ నిలబడింది. తొడల్లో సత్తువ ఉంది. ముసలాయన ఆ మాట నిజమే చెప్పాడు. పరుగెత్తడానికి సత్తువ అంతా అలాగే మిగిలి ఉంది, పనికిరాకుండా.

సోమవారం గెన్రిఖ్ షెడ్డుకి వెళ్లింది.

"ఆ కడ్డీలు పీకేస్తే బాబాయ్? మామూలు సైకిలు అవుతుందా?"

ఆయన సైకిలు చుట్టూ తిరిగాడు. "అవదమ్మా. దీని ఎముకలే అలా పుట్టాయి. పీకితే మోచేతుల సైకిలు కాకుండా పోతుంది, రోడ్డుదీ అవదు." వంకరపోయిన పెడలు సరిచేసి, చక్రం తిప్పి చూసి, ఏమీ తీసుకోలేదు. "వచ్చే ఏడాదీ జూలై వస్తుంది. దేవుడు మనల్ని ఉంచితే."

"గాలీ వస్తుంది" అంది ఆమె.

"వస్తుంది. ఈసారి రాసిపెట్టు."

ఆ మాటకి ఆమె నవ్వింది గాని, మర్నాటి నుంచి పదిన్నరకి కూడా బయటికి వెళ్లి గాలి చూడడం మొదలుపెట్టింది. పై ఆఫీసు ఆ అంకె అడగదు. పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకుంటోంది.

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున, ఆమె సైకిలు నడిపించుకుంటూ రొట్టెల దుకాణం మలుపుకి వెళ్లింది. అందరూ అక్కడే ఉన్నారు. రొట్టెలావిడ లోపల్నుంచి ఒక వేడి రొట్టె తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"నేను వెనక వస్తాను" అంది బురుల్. "మీలోకి రాను. ఎడంగా, వెనక."

అసీల్కాన్ ఆ సైకిలు వైపు చూసింది. "రా, ఏం కాదు" అనలేదు. అనడానికి వీల్లేదు, ఆవిడ వెనక ఆరుగురి ఎముకలున్నాయి. "నెమ్మదిగా వెళ్తాం" అంది. "మేం నెమ్మదిగా వెళ్లేది నీ కోసం కాదులే. నాకు నడుం నొప్పి."

గుంపు కదిలింది. బురుల్ వాళ్లని కొంచెం ముందుకి పోనిచ్చి ఎక్కింది. మోచేతుల మీద వంగకుండా, హ్యాండిల్ పట్టుకుని నిటారుగా తొక్కింది. గాలి ఎదురుగా ఉంది. అంత ఎడంలో ముందు వాళ్ల వీపులు ఆమెకి గాలి కాయవు. వాళ్ల మాటలు వినబడుతున్నాయి గాని, ఏం మాట్లాడుకుంటున్నారో తెలియడం లేదు. ఎవరో జోకు వేశారు. అందరూ నవ్వారు. నవ్వు ఆమె దాకా వచ్చేసరికి ముందు వాళ్లు ఇంకేదో మాటలో ఉన్నారు.

మా రోడ్ల సంగతి తెలిసిందే. గుంపులో తొక్కేవాళ్లకి ముందున్నవాళ్ల వీపు తప్ప రోడ్డు కనబడదు కాబట్టి, గొయ్యి వస్తే ముందు మనిషి చెయ్యి కిందికి చాచి చూపిస్తాడు, అది చూసి వెనక మనిషి తన వెనకవాళ్లకి చూపిస్తాడు. అలా చెయ్యి నుంచి చెయ్యికి ఆ కబురు గుంపు చివరిదాకా వస్తుంది. అందరికంటే చివర ఉన్న మనిషి మాత్రం చూపించక్కర్లేదు. ఆయన వెనక ఎవరూ ఉండరు.

తోరు-ఐగీర్‌కి ముందు పల్లం దగ్గర పెద్ద గొయ్యి వచ్చింది. ముందు అసీల్కాన్ చెయ్యి కిందికి వెళ్లింది. తర్వాత రెండోది, మూడోది. చివర తొక్కుతున్నది బడిలో లెక్కలు చెప్పే బక్కపలచటి ఆయన. బురుల్‌తో ఎప్పుడూ మాట్లాడినవాడు కాదు. ఆయన వెనక్కి చూడలేదు. గొయ్యి పక్కనుంచి తప్పుకుంటూ ఎడమచెయ్యి బాగా కిందికి చాచి, దూరంగా వచ్చేవాళ్లకి కూడా కనబడేలా, వేలు రెండుసార్లు ఆడించాడు.

బురుల్‌కి ఆ గొయ్యి అంత దూరం నుంచే కనిపిస్తోంది. అయినా ఆయన తప్పుకున్న వైపే తిప్పి, దాన్ని దాటింది.